వాట్సాప్ పోల్, టీ కొట్టు డబ్బా, ఇంటింటి చీటీ: ఒకే ఎన్నిక మీద మూడు సర్వేలు

మా కాలనీ విజయవాడ అజిత్‌సింగ్ నగర్ వైపు ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు వచ్చిన ప్రాంతం. సంక్షేమ సంఘంలో ఇంటికి ఒక ఓటు చొప్పున 640 ఓట్లున్నాయి. వరద తర్వాత జరిగిన మొదటి ఎన్నికలో రెండే వర్గాలు పోటీపడ్డాయి. జనం పిలిచే పేర్లతోనే నేనూ రాస్తాను: పాత కమిటీ, కొత్త ప్యానెల్.

ఎన్నికలు వస్తే మన దగ్గర ప్రతి టీ కొట్టూ ఒక సర్వే సంస్థే, ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఒక పోల్ ఉంటుంది. వాటిని ఎంతవరకు నమ్మొచ్చో అసెంబ్లీ ఎన్నికలో తేల్చడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. చిన్న ఎన్నికలో అవుతుంది. ఓటర్ల జాబితా చేతిలో ఉంటుంది, ఎవరు ఓటుకు వచ్చారో సంతకాల రిజిస్టర్ చెబుతుంది, ఫలితం ఆ సాయంత్రమే వస్తుంది. మీ అపార్ట్‌మెంట్లోనో, వాకర్స్ క్లబ్బులోనో ఇలాంటిది చేయాలనుకుంటే పనికొస్తుందని అంకెలన్నీ పెడుతున్నాను.

దశ 0: కొలత

1. జాబితాలోని 640 ఇళ్ళను వీధుల వారీగా విడదీశాను. నీళ్ళు పెద్దగా రాని పై వీధుల్లో 290 ఇళ్ళు, రోజుల తరబడి మునిగిన కింది వీధుల్లో 350.
2. కొలత ఒక్కటే. సర్వేలో పాత కమిటీకి వచ్చిన శాతంలోంచి అసలు ఫలితంలో దానికి వచ్చిన శాతాన్ని తీసేస్తే మిగిలేది 'తేడా'.
3. ప్రతి సర్వే అంకె పోలింగుకు ముందే కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, ఏ వర్గానికీ చెందని ఒక రిటైర్డ్ మేష్టారి దగ్గర ఉంచాను.

మూడోది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ దీన్ని వదలొద్దు. ఫలితం వచ్చాక 'నేను ముందే చెప్పాను' అనేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. ముందే రాసిన కాగితం లేకపోతే ఆ మాటను లెక్కలోకి తీసుకోవడానికి లేదు.

దశ 1: వాట్సాప్ పోల్

కాలనీ గ్రూపులో 388 నంబర్లు. రెండు ఆప్షన్లతో పోల్ పెట్టాను. 231 మంది నొక్కారు.

పాత కమిటీ 139, కొత్త ప్యానెల్ 92. అంటే 60.2 శాతం, 39.8 శాతం.

ఓట్లు పడుతుండగానే మూడు లోపాలు కనిపించాయి.

మొదటిది, ఎవరు దేనికి నొక్కారో గ్రూపులో అందరికీ కనిపిస్తోంది. గ్రూపు అడ్మిన్లలో పాత కమిటీ వాళ్ళే ఎక్కువ. రేపు నీళ్ళ ట్యాంకర్ కోసం ఫోన్ చేయాల్సింది వాళ్ళకే. అలాంటి చోట ఎదురు ఓటు బహిరంగంగా వేయడానికి ఎంతమందికి మనసొప్పుతుంది? కొందరు ముందు కొత్త ప్యానెల్‌కు నొక్కి, కాసేపటికి తీసేయడం కూడా గమనించాను.

రెండోది, అద్దెకున్నవాళ్ళు కూడా నొక్కారు. వాళ్ళకు సంఘంలో ఓటు లేదు.

మూడోది, భార్యాభర్తలు, పిల్లలు వేర్వేరు నంబర్ల నుంచి నొక్కారు. సంఘం లెక్కలో మాత్రం ఇంటికి ఒక్క ఓటే.

జాబితా ముందు పెట్టుకుని శుభ్రం చేశాను. అద్దె ఇళ్ళ నంబర్లు 31, ఒకే ఇంటి నుంచి అదనంగా వచ్చినవి 22 తీసేస్తే 178 ఇళ్ళు మిగిలాయి. ఒకే ఇంట్లో రెండు మాటలు వచ్చిన చోట సభ్యత్వం ఎవరి పేరున ఉందో వాళ్ళదే లెక్క.

శుభ్రం చేశాక పాత కమిటీ 101, కొత్త ప్యానెల్ 77. శాతం 56.7కు దిగింది. అంత కష్టపడినా కదిలింది మూడున్నర పాయింట్లే.

దొంగ ఓట్లు, డబుల్ ఓట్లు తీసేస్తే ఆన్‌లైన్ పోల్ బాగుపడుతుందని చాలామంది అనుకుంటారు. అసలు జబ్బు అక్కడ లేదు. ఈ 178 ఇళ్ళలో పై వీధులవి 126, కింది వీధులవి 52. జాబితాలో ఎక్కువ ఇళ్ళున్నది కింది వీధుల్లో. వరదలో ఫోన్లు పోయి నంబర్లు మారినవాళ్ళు, అప్పటి గొడవల్లో గ్రూపు నుంచి బయటికెళ్ళినవాళ్ళు అక్కడే ఎక్కువ. పాత కమిటీ మీద కోపం ఉన్నదీ వాళ్ళకే. కోపం ఉన్నవాడే పోల్లో లేనప్పుడు ఎన్ని ఓట్లు పోగేసినా ఆ కోపం లెక్కకు రాదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీచేసిన లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళ జాబితాల నుంచి. పైగా కార్డు వెనక్కి పంపే ఓపిక ఉన్నవాళ్ళ మాటే లెక్కకొచ్చింది. అదే సమయంలో జార్జ్ గాలప్ అనే సర్వేల నిపుణుడు అంతకంటే ఎంతో చిన్న శాంపిల్‌తో గెలిచేది ఎవరో సరిగ్గా చెప్పాడు.

ఇప్పటిదాకా: 231 స్పందనలు. ఖర్చు సున్నా.

దశ 2: టీ కొట్టు డబ్బా

కింది వీధుల మొదట్లో ఉన్న టీ కొట్టును ఎంచుకున్నాను. కొట్టు బాబాయ్ ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు: "రెండు పార్టీల వాళ్ళూ నా దగ్గరే టీ తాగుతారు. నా పేరు మాత్రం ఎక్కడా రాకూడదు."

ముందు రెండు గాజు సీసాలు పెట్టి, టీ తాగినవాళ్ళు ఒక చింతగింజ వేసేలా చేశాను. మధ్యాహ్నానికల్లా ఆపేయాల్సి వచ్చింది. సీసాలో గింజల మట్టం బయటికి కనిపిస్తుంది. ఒకటి కాస్త ఎక్కువగా నిండగానే తర్వాత వచ్చినవాళ్ళు అందులోనే వేశారు. కొందరు గుప్పెడు వేశారు. ఆ గింజలు లెక్కలోకి తీసుకోలేదు.

మార్పులు:

1. సీసాల బదులు మూతకు చీలిక పెట్టిన రేకు డబ్బా ఒకటే.
2. చింతగింజల బదులు సంఘం రబ్బరు స్టాంపు వేసిన చీటీలు.
3. మనిషికి ఒకటే. చీటీ ఇచ్చినప్పుడు బాబాయ్ వేలి మీద మార్కర్‌తో చుక్క పెడతాడు.

మార్కర్ చుక్క సబ్బుతో పోయింది. రెండో పూట మళ్ళీ వచ్చి వేసినవాళ్ళు కొందరు ఉండే ఉంటారు. దాన్ని కొలిచే దారి లేక అలాగే వదిలేశాను.

మొత్తం 194 చీటీలు. కొత్త ప్యానెల్ 138, పాత కమిటీ 56. అంటే కొత్త ప్యానెల్‌కు 71.1 శాతం, పాత కమిటీకి 28.9.

ఇక్కడి జనం వేరు. పొద్దున్నే పనికెళ్ళే మగవాళ్ళు, ఆటోవాళ్ళు, కింది వీధుల కుర్రాళ్ళు. ఆడవాళ్ళు వేసిన చీటీలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పైగా చీటీ మీద వీధి పేరు రాయించలేదు కాబట్టి ఈ 194ని ఏ రకంగానూ విడదీయడం కుదరదు. వాట్సాప్ పోల్‌లో పక్షపాతం ఉన్నా ఎవరు ఏ వీధివాళ్ళో తెలుసు. ఇక్కడ అదీ తెలియదు. టీ కొట్టు సర్వేకు అతిపెద్ద లోపం నా దృష్టిలో ఇదే. తప్పుందని తెలిసినా సరిదిద్దే పిడి దొరకదు.

ఇప్పటిదాకా: 425 స్పందనలు. ఖర్చు రూ. 140 (డబ్బా, కాగితం, మార్కర్).

దశ 3: జాబితా పట్టుకుని ఇంటింటికీ

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. గిన్నె అంతా ఒకేలా ఉడికితేనే ఆ మాట నిజం. మా కాలనీలో పై వీధులూ కింది వీధులూ ఒకేలా ఉడకలేదు. అందుకని మెతుకును చేతికందిన చోట కాకుండా జాబితా ప్రకారం తీయాలి.

1. వీధుల క్రమంలో ఉన్న జాబితాకు 1 నుంచి 640 వరకు నంబర్లు వేశాను.
2. 1 నుంచి 5 వరకు చీటీలు వేసి ఒకటి తీయించాను. 3 వచ్చింది.
3. 3, 8, 13, 18... ఇలా ప్రతి ఐదో ఇల్లు. మొత్తం 128 ఇళ్ళు: పై వీధుల్లో 58, కింది వీధుల్లో 70.
4. ఎంపికైన ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్ళకూడదు. అదే ఇంటికి మళ్ళీ రావాలి.

నాలుగో నియమమే అసలు పరీక్ష. పగటిపూట వెళ్ళినప్పుడు 57 ఇళ్ళలో మనుషులు దొరికారు. నోటితో అడిగితే పాత కమిటీ అన్నవి 26, కొత్త ప్యానెల్ 15, "చూద్దాం" అన్నవి 16. తేల్చి చెప్పినవాళ్ళలో పాత కమిటీకి 63 శాతం. అక్కడితో ఆపేసి ఉంటే, పద్ధతి ప్రకారం చేసిన సర్వే అనే పేరు పెట్టుకుని వాట్సాప్ పోల్ కంటే దూరంగా వెళ్ళేది. పగలు ఇంట్లో ఉండేది ఎక్కువగా రిటైరైనవాళ్ళు. పాత కమిటీకి గట్టి మద్దతు వాళ్ళదే.

ఇక "చూద్దాం" సంగతి. కింది వీధుల్లో ఒక ఇంటి గోడ మీద ఛాతీ ఎత్తున వరద చార ఇంకా ఉంది. దాని పైన మాత్రం కొత్తగా సున్నం కొట్టారు. తలుపు తీసిన పెద్దావిడ నా చేతిలోని కాగితాలు చూసి, "ఏ కమిటీ తరఫున వచ్చావు బాబూ?" అంది. ఎవరి తరఫునా కాదన్నాను. "అట్టాగే చెబుతారులే. చూద్దాం, ఇంకా టైముందిగా" అంది. ఆ చార ఉన్న ఇంట్లో కమిటీ గురించి అభిప్రాయం లేకుండా ఉంటుందా? ఉంది, నాకు చెప్పదు, అంతే. అలాంటి పదహారు ఇళ్ళను 'తటస్థులు' అని రాసి పక్కన పెడితే లెక్క తప్పుతుంది.

ఏం మార్చాను, ఎందుకు:

1. నోటితో అడగడం మానేశాను. రెండు పేర్లూ అచ్చేసిన చీటీ, మూసిన డబ్బా. వాళ్ళు లోపలికెళ్ళి టిక్కు పెట్టి, మడిచి వేస్తారు. ముందు నోటితో చెప్పిన 57 ఇళ్ళకూ మళ్ళీ వెళ్ళి చీటీ ఇచ్చాను.
2. పై వీధులకు తెల్ల చీటీ, కింది వీధులకు పసుపు చీటీ. రంగు ఎందుకో ప్రతి ఇంట్లోనూ చెప్పాను.
3. తాళం ఉన్న ఇళ్ళకు సాయంత్రం ఏడు తర్వాత, ఆదివారం పొద్దున మళ్ళీ వెళ్ళాను.

128లో 106 ఇళ్ళు దొరికాయి. దొరకని 22లో కింది వీధులవే 14. వరద తర్వాత తాళం వేసి వేరే చోటికి మారిపోయిన ఇళ్ళే అందులో ఎక్కువ.

చీటీల లెక్క:
తెల్లవి: పాత కమిటీ 29, కొత్త ప్యానెల్ 17, ఖాళీ 4.
పసుపువి: పాత కమిటీ 16, కొత్త ప్యానెల్ 35, ఖాళీ 5.
కలిపితే పాత కమిటీ 45, కొత్త ప్యానెల్ 52. అంటే 46.4 శాతం, 53.6 శాతం.

97 చీటీలే కాబట్టి ఈ అంకె అటూ ఇటూ ఎంత జరగొచ్చు? ఒకటిని శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగిస్తే ఉజ్జాయింపుగా వస్తుంది: సుమారు 10 పాయింట్లు. మొత్తం 640 ఇళ్ళే కాబట్టి అది 9కి తగ్గుతుంది. కాబట్టి పాత కమిటీకి 37 నుంచి 55 మధ్య ఎంతైనా రావచ్చు. కవరులో నేను రాసింది ఇదే: "కొత్త ప్యానెల్‌కు మొగ్గు. కచ్చితంగా చెప్పడానికి శాంపిల్ చాలదు." ఈ అటూ ఇటూను 3 పాయింట్లకు దించాలంటే ఈ 640లోనే దాదాపు 400 ఇళ్ళు తిరగాలి. పెద్ద నగరానికైనా, మొత్తం రాష్ట్రానికైనా అదే 3 పాయింట్లకు సుమారు 1,070 మంది చాలు, కాకపోతే వాళ్ళు నిజంగా లాటరీ తీసినట్టు ఎంపికై ఉండాలి. ఆ షరతే కష్టం.

ఇప్పటిదాకా: 531 స్పందనలు. ఖర్చు రూ. 460 (ప్రింట్లు, రంగు కాగితం, పెట్రోలు కలిపి).

దశ 4: ఫలితం, కవర్లు

పోలైనవి 471. చెల్లనివి 6. కొత్త ప్యానెల్ 262, పాత కమిటీ 203. పాత కమిటీకి 43.7 శాతం.

తేడాలు:
వాట్సాప్, ఉన్నది ఉన్నట్టు: +16.5
వాట్సాప్, శుభ్రం చేశాక: +13.0
టీ కొట్టు: −14.8
ఇంటింటి చీటీ: +2.7

మేష్టారి ఇంట్లో కవర్లు విప్పినప్పుడు అక్కడున్న ఒకాయన వెంటనే ఒక లెక్క వేశాడు. వాట్సాప్ 60.2, టీ కొట్టు 28.9, రెండూ కలిపి సగటు తీస్తే 44.5. అసలు ఫలితానికి ఒక పాయింటు కూడా తేడా లేదు! ఇళ్ళ చుట్టూ తిరిగిన నా సర్వే కంటే దగ్గర. "ఇంత తిరుగుడు ఎందుకండీ, ఆ రెండూ కలిపితే సరిపోయేదిగా?" అన్నాడు.

ఈ ప్రాజెక్టులో నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఇక్కడే ఉంది. ఆ 44.5 కుదిరింది, అంతే. రెండు తప్పులు ఎదురెదురుగా ఉండి, దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నాయి కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. టీ కొట్టు పై వీధిలో ఉండి ఉంటే రెండూ ఒకే వైపు ఒరిగేవి. ఒకసారి అంకె కలిసినంత మాత్రాన పద్ధతి మంచిదని కాదు. ఏ కారణంతో కలిసిందో చెప్పగలిగితేనే వచ్చేసారి నమ్మొచ్చు.

వాట్సాప్ అంకెను వెయిటేజీతో, అంటే పై వీధులకూ కింది వీధులకూ జాబితాలో ఎంత వాటా ఉందో అంతే ఇచ్చి, సరిచేసి చూశాను. పై వీధుల 126లో పాత కమిటీకి 82, అంటే 65.1 శాతం. కింది వీధుల 52లో 19, అంటే 36.5. వీటిని 290, 350 ఇళ్ళ నిష్పత్తిలో కలిపితే 49.5 శాతం. తేడా 13 నుంచి 5.8కి దిగింది. కాగితం మీద పావుగంట పని, సగానికి పైగా తప్పు పోయింది. 2012 అమెరికా ఎన్నికలప్పుడు పరిశోధకులు ఎక్స్‌బాక్స్ గేమ్ ఆడేవాళ్ళ మీద ఇదే పని పెద్ద ఎత్తున చేశారు. స్పందించినవాళ్ళలో 93 శాతం మగవాళ్ళే అయినా వయసు, లింగం, చదువు, రాష్ట్రం, పాత ఓటు ఇవన్నీ తెలుసు కాబట్టి సరిచేసి మంచి అంచనాకు రాగలిగారు. మిగిలిన 5.8 మాత్రం వెయిటేజీతో పోదు. గ్రూపులో ఉన్న కింది వీధి ఇల్లూ, గ్రూపు వదిలేసిన కింది వీధి ఇల్లూ ఒకేలా ఆలోచించవు.

సంతకాల రిజిస్టర్ కూడా చూశాను. పై వీధుల నుంచి 228 మంది, కింది వీధుల నుంచి 243 మంది వచ్చారు. పోలింగు 78.6 శాతం, 69.4 శాతం. ఆ లెక్కతో నా చీటీలను సరిచేస్తే పాత కమిటీకి 46.7 వచ్చింది, అంటే తేడా 2.7 నుంచి 3కి పెరిగింది! ఇంత చిన్న శాంపిల్‌లో సరిచేసిన ప్రతిసారీ దగ్గరకే వస్తామనుకోకూడదు.

దశ 5: పెద్ద ఎన్నికల అంకెలు పక్కన పెట్టి చూస్తే

ఇవి టీ కొట్టు డబ్బాలు కావు, పేరున్న సర్వేలు. అయినా అంకె కలిసింది పద్ధతి వల్లా, అదృష్టం వల్లా అన్న ఆ 44.5 ప్రశ్న వీటికీ వర్తిస్తుంది.

విజయవాడ మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్‌కు అంచనాలు నిజమవుతాయన్న పేరుండేది, 'ఆంధ్రా ఆక్టోపస్' అనేవాళ్ళు. 2018 తెలంగాణలో కాంగ్రెస్, టీడీపీ తదితరుల ప్రజాకూటమికి 65 సీట్లు, పది అటూ ఇటూ అన్నారు. టీఆర్ఎస్‌కు 88 వచ్చి ప్రజాకూటమి ఓడింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో టీడీపీకి 100, పది అటూ ఇటూ అన్నారు. 23 వచ్చాయి. 2024లో ఆరా సర్వే సంస్థ మస్తాన్ వైసీపీకి 94 నుంచి 104 అన్నారు, వచ్చినవి 11. అదే ఎన్నికలో కేకే సర్వే టీడీపీ, జనసేన, బీజేపీ కూటమికి 161 అంది, 164 వచ్చాయి. చివరిదాన్ని అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోదగ్గదే. కానీ ఒక్క ఎన్నికతో ఏ సంస్థకూ నమ్మకం అంటగట్టకూడదని నా అభిప్రాయం. లగడపాటికి ఉన్న పేరు 2018లో ఏమైందో చూశాం.

సీట్లు చెప్పడం ఓట్ల శాతం చెప్పడం కంటే ఎంత కష్టమో చూడండి. 2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకి 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు. దాదాపు అదే శాతం, సీట్లు సగం కూడా లేవు. 2019లో జనసేన విడిగా నిలబడింది, 2024లో ఎదుటి మూడు పార్టీలూ కలిసి వచ్చాయి. ఓట్ల శాతాన్ని అచ్చంగా పట్టుకున్న సర్వే కూడా సీట్ల దగ్గర బోల్తాపడొచ్చు.

నియోజకవర్గం స్థాయికి దిగితే ఇంకా కష్టం. 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు, బొండా ఉమ మీద గెలిచింది 25 ఓట్లతో. అలాంటి ఫలితం ఏ శాంపిల్‌కూ అందదు. అక్కడ నిజాయితీగా చెప్పగలిగే మాట 'తేల్చలేం' ఒక్కటే.

దశ 6: వచ్చేసారికి మార్పులు

1. టీ కొట్టు చీటీ మీద వీధి, వయసు గడి, ఆడ/మగ గడి. మూడు టిక్కులు చాలు.
2. వాట్సాప్ పోల్ బదులు పేర్లు కనిపించని గూగుల్ ఫారం. అందులోనూ వీధి తప్పనిసరి.
3. 'పోయినసారి ఎవరికి వేశారు?' అనే ప్రశ్న కలపాలి. పోయినసారి ఫలితం తెలుసు కాబట్టి శాంపిల్ ఎటు ఒరిగిందో దానితోనే పట్టుకోవచ్చు. గెలిచినవాళ్ళకే వేశామని చెప్పుకునే అలవాటు జనంలో ఉంది, కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మకూడదు.
4. తాళం వేసిన ఇళ్ళ యజమానుల ఫోన్ నంబర్లు నోటిఫికేషన్ రోజు నుంచే సేకరించాలి. నా దగ్గర మిగిలిన పెద్ద ఖాళీ ఆ 22 ఇళ్ళే.
5. ఇదే పని అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలకు చేసేవాళ్ళు ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఎ సెక్షన్ చదవాలి. ఎన్నికల సంఘం ప్రకటించిన వ్యవధిలో ఎగ్జిట్ పోల్ చేసి ప్రచురిస్తే రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. పోలింగు ముగియడానికి ముందు 48 గంటల్లో ఒపీనియన్ పోల్ ఫలితాలను టీవీ లాంటి వాటిలో చూపించడం మీదా నిషేధం ఉంది. పోలింగు కేంద్రం వారీగా పడిన ఓట్లు తర్వాత ఫారం 20లో వస్తాయి, మీ అంకెలను వాటితో పోల్చుకోండి.